మాంసంపై ముద్ర ఏదీ?

తినడానికి పనికిరాని మాంసం అమ్మడం నేరమని చట్టం చెబుతున్నా, మా పట్టణంలోని మాంసం దుకాణాల్లో దాన్ని అమలు చేసే నాథుడు కనిపించడం లేదు. పురపాలక పరిధిలో గుర్తింపు పొందిన వధశాలలో తప్ప మరెక్కడా కోయరాదనీ, కోసే ముందు పశువైద్యుడు ప్రతి జీవాన్నీ పరీక్షించాలనీ 2001 నాటి కేంద్ర నిబంధనలు నిర్దేశిస్తుండగా, ప్రతి ఆదివారం తెల్లవారుజామున మా వీధి చివర మురుగుకాలువ పక్కనే మేకలను కోస్తున్నారు. ఆరు నెలలుగా చూస్తున్నాను, వేలాడదీసిన ఒక్క తొడపైనా పరీక్ష జరిగిందని తెలిపే పశువైద్యుని ముద్ర లేదు. అడిగితే, వధశాలకు తాళం వేసి ఉంటే తామెక్కడికి పోవాలని దుకాణదారు ఎదురు ప్రశ్నించాడు, అందులో న్యాయం ఉంది. సురక్షితం కాని ఆహారం వల్ల మనిషి మరణిస్తే ఏడేళ్లకు తగ్గని జైలుశిక్షను, 10 లక్షల రూపాయలకు తగ్గని జరిమానాను 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం విధిస్తోంది కనుక లోపం శిక్షలో లేదు, తనిఖీలో ఉంది. తనిఖీలో తీసిన నమూనాను పరీక్షించి నివేదిక ఇవ్వడానికి ఆహార విశ్లేషకునికి 14 రోజుల గడువుంటే, మాంసం ఆ పూటకే అమ్ముడైపోతుంది. పాడైన సరుకును నోటీసు ఇచ్చి ధ్వంసం చేయించే అధికారం ఆహార భద్రతాధికారికి ఇప్పటికే ఉంది. దాన్ని ఆఫీసు వేళల్లో కాక ఆదివారాలు, పండుగ రోజుల్లో తెల్లవారుజామునే వినియోగించాలి. పురపాలక సంఘం వెంటనే వధశాల తెరిచి, అక్కడ పశువైద్యుణ్ని నియమించి, ముద్ర లేని మాంసం కొనవద్దని ప్రతి దుకాణం ముందు తెలుగులో బోర్డు పెట్టించాలి.