నడుం విరిగినవాళ్ల నొప్పికి మందెవరిస్తారు?

సంపాదకులు గారికి నమస్కారం.

తాటిచెట్టు మీద నుంచి జారిపడి గీత కార్మికుడు చనిపోతే పరిహారం గురించి మాట్లాడతాం, బతికితే ఆపరేషన్ గురించి మాట్లాడతాం. ఆ తర్వాత ఏళ్ల తరబడి అతను పడే నొప్పిని ఎవరూ పట్టించుకోరు. ప్రభుత్వం దృష్టికి తేవడానికే ఈ ఉత్తరం రాస్తున్నాను.

మా తమ్ముడు మోకు జారి పడ్డాడు. నడుం దగ్గర వెన్నుపూస విరిగి వెన్నుపాము నలిగింది. ఆరోగ్యశ్రీలో ఆపరేషన్ చేసి రాడ్లు వేశారు, ప్రాణం దక్కింది. ఆ డాక్టర్లకు ఎప్పటికీ రుణపడి ఉంటాం. కాళ్లు మాత్రం రాలేదు. కొన్ని నెలలకు, స్పర్శే లేని ఆ కాళ్లలో మంట మొదలైంది. ముల్లు గుచ్చుకున్నా తెలియదు గానీ, రాత్రయితే అరికాళ్లకు మిరపకాయలు నూరి పూసినట్టు ఉందంటాడు. నడుం చుట్టూ, స్పర్శ ఆగిపోయే చోట, దుప్పటి అంచు తగిలినా ఉలిక్కిపడతాడు. "స్పర్శే లేనప్పుడు నొప్పెక్కడిది?" అని ఊళ్లోవాళ్లే కాదు, ఒక డాక్టరు కూడా అడిగారు. తమ్ముడు ఆ రోజు నుంచి నొప్పి గురించి చెప్పడమే మానేశాడు.

ఇది లేని నొప్పి కాదు. దెబ్బతిన్న వెన్నుపాము, నరాలు తప్పుడు సంకేతాలు పంపుతుంటే మెదడు వాటిని నొప్పిగానే తీసుకుంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం వెన్నుపాము దెబ్బతో బతుకుతున్నవాళ్లు ప్రపంచంలో కోటిన్నర మందికి పైనే. వాళ్లలో ఇలాంటి దీర్ఘకాలిక నొప్పి చాలా మామూలు.

ఆర్‌ఎంపీ దగ్గరికి వెళ్తే మామూలు నొప్పులకు వాడే డైక్లోఫెనాక్ సూదో గోళీయో ఇస్తాడు. మంచం మీద నుంచి చక్రాల కుర్చీలోకి మారాలంటే ఒంటి బరువంతా చేతుల మీదే మోయాలి కాబట్టి వీళ్లకు భుజాల నొప్పులు తప్పవు. ఆ గోళీ వాటికి కాస్త పనిచేయొచ్చు, నరాల మంటకు పెద్దగా పనిచేయదు. పైగా రోజూ వాడితే కిడ్నీలకు ముప్పు. పైపు పెట్టుకుని యూరిన్ పోసుకునేవాళ్లకు అసలు భయమే కిడ్నీల గురించి కదా. నరాల నొప్పికి వాడే గాబాపెంటిన్, ప్రీగాబాలిన్, అమిట్రిప్టిలిన్ వేరే రకం మందులు. తక్కువ డోసుతో మొదలుపెట్టి మెల్లగా పెంచాలి, ఉన్నట్టుండి ఆపకూడదు. అమిట్రిప్టిలిన్‌తో మలబద్ధకం పెరగొచ్చు, యూరిన్ రావడం కష్టం కావొచ్చు. వీటితోనైనా నొప్పి పూర్తిగా పోదు. అయినా కొంత తగ్గి రాత్రి నిద్ర పడితే, అదే వాళ్లకు పెద్ద ఊరట. ఇదంతా తెలిసిన డాక్టరు క్రమం తప్పకుండా చూస్తుండాలి.

మందులతోనే అయిపోదు. మంట ఒక్కసారిగా ఎక్కువైతే యూరిన్ పైపు మడతపడిందేమో, ఇన్‌ఫెక్షన్ వచ్చిందేమో, పిరుదుల దగ్గర పుండు పడుతోందేమో, మోషన్ ఆగిందేమో ముందు చూడమని ఒక ఫిజియోథెరపిస్టు మాకు చెప్పారు. ఎంత అక్కరకొచ్చిన మాటో! ఆసుపత్రి నుంచి పంపే రోజే ప్రతి ఇంటికీ చెప్పాల్సిన మాట ఇది. మా డిశ్చార్జి కాగితం మీద ఫిజియోథెరపీ చేయించుకోవాలని ఒక్క ముక్క తప్ప నొప్పి ఊసే లేదు.

చెట్టెక్కేవాళ్ల భద్రత కోసం మన తెలంగాణ ప్రభుత్వం 2024 జులైలో లష్కర్‌గూడలో కాటమయ్య రక్షణ కిట్ల పంపిణీ మొదలుపెట్టింది. చాలా మంచి పని, ప్రతి గీత కార్మికుడికీ అవి అందాలి. మరి ఇప్పటికే పడిపోయినవాళ్ల సంగతేంటి? వికలాంగుల పింఛన్ 4,016 రూపాయలతో ఇల్లు గడవాలా, మందులు కొనాలా? పక్కనున్న ఆంధ్రప్రదేశ్‌లో 2024 నుంచి మంచానికి, చక్రాల కుర్చీకి పరిమితమైనవాళ్లకు 15,000 రూపాయలు ఇస్తున్నారు.

మన జిల్లాల్లో పాలియేటివ్ కేర్ కేంద్రాలు, అంటే తీవ్రమైన జబ్బులున్నవాళ్ల నొప్పి, బాధ తగ్గించే కేంద్రాలున్నాయి, ఇళ్లకు వచ్చి చూసే ఆలన బండ్లున్నాయి. అవి క్యాన్సర్ వాళ్లకేనని జనంలో పడిపోయింది. 2008లోనే పాలియేటివ్ కేర్ విధానం తెచ్చుకున్న కేరళలో నడుం పడిపోయినవాళ్లను కూడా ఇంటికెళ్లి చూస్తారు. మన దగ్గర కూడా వెన్నుపాము దెబ్బ తిన్న రోగి డిశ్చార్జి అయిన రోజే అతని వివరాలు జిల్లాలోని పాలియేటివ్ కేర్ కేంద్రానికి వెళ్లే ఏర్పాటు చేయాలి. నరాల నొప్పి మందులు ప్రభుత్వ ఆసుపత్రిలో నెల నెలా ఉచితంగా దొరకాలి. వాటి కోసం నడవలేని మనిషిని ఆటోలో వేసుకుని హైదరాబాద్ దాకా తిప్పే పని ఉండకూడదు. గీత కార్మికుల సంఘాలు పరిహారంతో పాటు ఈ వైద్యాన్ని కూడా తమ డిమాండ్లలో చేర్చాలని కోరుతున్నాను.

- ఒక గీత కార్మికుడి అక్క, జనగామ జిల్లా