ఆట ఆపాక అడిగే ప్రశ్నకు టైంటేబుల్‌లో చోటివ్వండి

సంపాదకులకు,

బడుల్లో, పరిశ్రమల్లో వీడియో గేములతో శిక్షణ అనగానే విశాఖలో రెండు మాటలు వినిపిస్తాయి. "పిల్లలు ఇప్పటికే ఫోన్లకు అతుక్కుపోయారు, బడిలో కూడానా?" అనేది తల్లిదండ్రుల మాట. "గేమ్ పెడితే చాలు, వాళ్లే నేర్చుకుంటారు" అనేది సాఫ్ట్‌వేర్ అమ్మేవారి మాట. మా దృష్టిలో రెండోదే ఎక్కువ నష్టం చేస్తోంది. ఆట ఆపి "అలా ఎందుకు జరిగింది?" అని అడిగే పావుగంట లేకపోతే ఎంత ఖరీదైన గేమైనా కాలక్షేపమే అవుతుంది.

పదో తరగతి విద్యుత్ పాఠాన్ని తీసుకోండి. అమెరికాలోని కొలరాడో విశ్వవిద్యాలయంలో 2002లో మొదలైన ఫెట్ సిమ్యులేషన్లు (తెరమీద చేసి చూసే ప్రయోగాలు) ఉచితం. ఫైలు ముందే దించి పెట్టుకుంటే ఇంటర్నెట్ లేకుండా బ్రౌజర్‌లో నడుస్తాయి. డీసీ వలయాల కిట్ తెరిస్తే 9 వోల్టుల బ్యాటరీ, 10 ఓమ్‌ల బల్బు ఉంటాయి. ఒక బల్బు కలిపితే 0.9 ఆంపియర్ల కరెంటు ప్రవహిస్తుంది. రెండో బల్బును శ్రేణిలో, అంటే మొదటిదాని తర్వాత అదే దారిలో, కలపబోయే ముందు ఆపి, ఏమవుతుందో ప్రతి ఒక్కరిచేతా నోటుబుక్కులో రాయించాలి. "మొదటి బల్బు కరెంటు తినేస్తుంది, రెండోదే మసకగా వెలుగుతుంది" అని రాసేవాళ్లు ప్రతి క్లాసులోనూ ఉంటారు. కలిపి చూస్తే రెండూ సమానంగా మసకబారతాయి. కరెంటు 0.45 ఆంపియర్లకు పడిపోతుంది. ఒక్కో బల్బు సామర్థ్యం మాత్రం 8.1 వాట్ల నుంచి దాదాపు 2 వాట్లకు, అంటే నాలుగో వంతుకు దిగుతుంది. కరెంటు సగమైతే వెలుగు నాలుగో వంతు ఎందుకైంది? పాఠమంతా ఈ ప్రశ్నలోనే ఉంది. ఊహను ముందు రాయించకపోతే పిల్లలు "నాకు తెలుసులే" అనుకుని దాటేస్తారు, తప్పు ఊహ అలాగే ఉండిపోతుంది.

ఇదే కిట్‌లో బ్యాటరీ రెండు కొనలనూ వట్టి తీగతో కలిపితే మంటలు వస్తాయి. ఒకరు కనిపెడితే చాలు, క్లాసంతా అదే పనిలో ఉంటుంది. తిట్టి ఆపించడం కన్నా రెండు నిమిషాలు వదిలేసి, నిరోధం సున్నాకు దగ్గరైతే కరెంటు ఎంతవుతుందో ఓమ్ నియమంతో లెక్క కట్టించడం మేలు. లఘువలయం (షార్ట్ సర్క్యూట్) అంటే ఏమిటో, ఇంట్లో ఫ్యూజు ఎందుకు పోతుందన్నది అక్కడే తేలిపోతాయి.

ఇక ల్యాబ్. 40 మంది పిల్లలకు పనిచేసే కంప్యూటర్లు 14 ఉన్నా సరిపోతుంది, ముగ్గురికి ఒకటి. ఒకరి చేతిలో మౌస్, ఒకరు ఏం చేయాలో చెప్పాలి, ఒకరు రాయాలి. ఆరు నిమిషాలకొకసారి చోట్లు మారితే 18 నిమిషాల్లో ముగ్గురికీ మౌస్ అందుతుంది. అలా మార్చకపోతే ఆట బాగా వచ్చిన పిల్లాడే చివరిదాకా మౌస్ వదలడు, ఆడపిల్లలు చాలాసార్లు చూస్తూ కూర్చుంటారు. 45 నిమిషాల పీరియడ్‌లో సర్దుకోవడానికి 7, ఆటకు 18, చర్చకు 15, నోట్సుకు 5 నిమిషాలు. చర్చ మొదలుపెట్టేటప్పుడు మానిటర్లు ఆపేయాలి. తెర వెలుగుతుండగా టీచర్ మాట ఎవరి చెవికీ ఎక్కదు.

దిమ్మెలతో కట్టే ఆటలు కావాలంటే డబ్బు పెట్టి లైసెన్సులు కొనక్కర్లేదు. 2024 వరకు మైన్‌టెస్ట్ అని పిలిచిన లువాంటి ఉచితం, పాత యంత్రాల మీదా నడుస్తుంది. ఒక ల్యాప్‌టాప్‌ను సర్వర్‌గా పెట్టి, మామూలు రౌటర్‌తో మిగతావాటిని కలిపితే చాలు. కనెక్ట్ కాకపోతే ముందుగా చూడాల్సింది ఫైర్‌వాల్: ఈ ఆట వాడే నెట్‌వర్క్ ద్వారం, 30000 యూడీపీ పోర్టు, తెరిచి ఉండాలి. అన్ని యంత్రాల్లోనూ ఒకే వెర్షన్ ఉంటే చిక్కులు రావు, కాబట్టి ముందురోజే ఒకే పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించాలి. సర్వర్‌కు యూపీఎస్ తప్పనిసరి. లోపల 60 దిమ్మెలు పట్టే ట్యాంకు కట్టమనండి. 3×4×5 కొలతల్లో కడితే లోపలి ఉపరితలం 94 చదరాలు, 1×6×10లో కడితే 152. ఘనపరిమాణం ఒకటే అయినా గోడలకయ్యే ఖర్చు ఎందుకు మారిందో పిల్లలే వాదించుకుంటారు.

కహూట్ లాంటి క్విజ్ గేముల్లో వేగానికి పాయింట్లున్నాయి. 20 సెకన్ల గడువు పెడితే తెలుగు ప్రశ్న పూర్తిగా చదవకుండానే నొక్కేస్తారు. గడువు నిమిషానికి పెంచండి. పతకాలు, స్టార్లు ఎడాపెడా ఇవ్వడం కూడా మంచిది కాదు. బొమ్మలు గీయడమంటే ఇష్టపడే చిన్నపిల్లలకు బహుమతి ఇస్తామని ముందే చెప్పి గీయిస్తే తర్వాత వారి ఆసక్తి తగ్గిందని 1973లోనే లెపర్, గ్రీన్, నిస్బెట్ పరిశోధన చూపింది.

పరిశ్రమల విషయానికొస్తే, ఓడల అధికారులకు రాడార్ సిమ్యులేటర్ శిక్షణను నావికుల శిక్షణ ప్రమాణాలపై ఉన్న ఎస్‌టీసీడబ్ల్యూ అంతర్జాతీయ ఒప్పందపు 1995 సవరణలే తప్పనిసరి చేశాయి. ఓడరేవు నగరంలో ఇది కొత్త సంగతి కాదు. చిక్కంతా చవకగా తయారైన క్రేన్, ఫోర్క్‌లిఫ్ట్ గేములతోనే. 20 మీటర్ల తాడుకు వేలాడే బరువు ఒకసారి అటూఇటూ ఊగడానికి సుమారు 9 సెకన్లు, 10 మీటర్లయితే 6.3 సెకన్లు పడుతుంది. ఆపరేటర్ నేర్వాల్సిందే ఆ లయ: ఊపు చివరికొచ్చే క్షణానికి ట్రాలీని (తాడు వేలాడే బండిని) సరిగ్గా బరువు పైకి తేవడం. తెరమీద బరువు అన్ని ఎత్తుల్లోనూ ఒకేలా ఊగితే, లేదా లివర్ దిశ అసలు క్రేన్‌కు తిరగబడి ఉంటే, ఆ గేమ్ తప్పుడు అలవాటు నేర్పుతుంది. చేతికి పట్టిన అలవాటు ప్రమాద సమయంలోనే బయటికొస్తుంది. కొనేముందు స్టాప్‌వాచ్ పట్టుకుని కొలవండి.

గ్యాస్ లీకేజీ మాక్‌డ్రిల్ గేముల గురించి మరీ గట్టిగా చెప్పాలి. 2020 మే 7 తెల్లవారుజామున వెంకటాపురంలోని ఎల్‌జీ పాలిమర్స్ ఫ్యాక్టరీ నుంచి స్టైరీన్ ఆవిరి లీకై ఏం జరిగిందో ఈ నగరం మరచిపోలేదు. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడున్నర రెట్లకు పైగా బరువు, పల్లాల్లోకి దిగుతుంది. కనుక గేమ్‌లో గాలి దిశ ప్రతిసారీ మారాలి. మారకపోతే కార్మికుడు గాలి దిశ చూపే గాలిసంచి వైపు చూడడు, దారిని బట్టీపడతాడు. ముందుగా చేరినవారికి ఎక్కువ పాయింట్లంటే అందరూ పరుగెత్తడమే నేర్చుకుంటారు. గాలిసంచి చూసినందుకు, గాలికి అడ్డంగా కదిలినందుకు, అసెంబ్లీ పాయింట్‌లో (అందరూ వచ్చి చేరాల్సిన చోట) తలలు లెక్కించి కంట్రోల్ రూమ్‌కు చెప్పినందుకు పాయింట్లివ్వండి. కాంట్రాక్టు కార్మికుల్లో ఒడిశా, బిహార్ వారూ ఉన్నారు. ఇంగ్లిష్ అక్షరాలతో గేమ్ ఇస్తే ఎవరికి ఉపయోగం? తెలుగు, హిందీ, ఒడియా మాటలు వినిపించాలి. స్కోర్లు గోడమీద అంటించకూడదు, జీతాల పెంపుతో ముడిపెట్టకూడదు. ఇరవయ్యేళ్ల అనుభవమున్న మనిషి కొత్త కుర్రాడి ముందు ఓడిపోతానన్న భయంతో శిక్షణకే రావడం మానేస్తాడు.

విద్యాశాఖ, ఫ్యాక్టరీల శాఖ అధికారులకు మా వినతి ఒకటే. ఏ గేముకైనా డబ్బు చెల్లించేముందు రెండు వారాలు ఆ బడిలోని పాత కంప్యూటర్ మీద, ఆ ఫ్యాక్టరీలోని కార్మికులతో నడిపించి చూడండి. ఆడకముందు మూడు ప్రశ్నలు, ఆడాక అదే విషయంపై వేరే మూడు, వారం తర్వాత మరో మూడు అడగండి. 18 ఏళ్లలోపు పిల్లల వివరాలు తీసుకోవాలంటే 2023 నాటి డేటా రక్షణ చట్టం తల్లిదండ్రుల అనుమతి కావాలంటోంది, ఆ పత్రం కంపెనీ దగ్గర సిద్ధంగా ఉందో లేదో కూడా అప్పుడే అడగండి.

భవదీయులు,
పాఠశాల, పారిశ్రామిక శిక్షకులు,
విశాఖపట్నం