బ్రిటన్ వేసవిని తిరుపతి ఎండల్లో వెతకొద్దు

సంపాదకులకు,

బ్రిటన్‌లో వేసవి పొడుగునా ఇంటి తోటల్లో, పొలం దారుల్లో సీతాకోకచిలుకలను లెక్కపెట్టే అలవాటు గురించి మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం బాగుంది. పేచీ అంతా చివరి వాక్యంతోనే. మన పిల్లలు కూడా ఈ వేసవి సెలవుల్లో ఇలాగే చేయవచ్చన్నారు. మే నెల మధ్యాహ్నం తిరుపతిలో పిల్లల్ని మిద్దెమీద నిలబెడితే వడదెబ్బ ఖాయం, సీతాకోకచిలుక మాత్రం అనుమానమే. పద్ధతిని అక్కణ్నుంచి తెచ్చుకోవచ్చు, క్యాలెండరును తెచ్చుకోకూడదు.

అక్కడ వేసవినే ఎందుకు ఎంచుకున్నారో వ్యాసంలో లేదు. సీతాకోకచిలుకకు మనలాగా ఒంట్లో వేడి పుట్టదు. చల్లని చోట ఎండకు కాచుకుంటే తప్ప సరిగా ఎగరలేదు. బ్రిటన్‌లో 1976 నుంచి సాగుతున్న వారపు లెక్క ఒకటుంది. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు దాకా వారానికోసారి అదే దారిలో నడుస్తూ, 5 మీటర్ల వెడల్పులో కంటబడినవి మాత్రమే రాసుకుంటారు. వేడి 13 డిగ్రీల కిందికి దిగితే ఆ రోజు నడక ఉండదు. 13కూ 17కూ మధ్య ఉంటే ఎండ కాయాలి. నడిచే వేళ పొద్దున 10.45 నుంచి మధ్యాహ్నం 3.45 వరకు. అంటే వాళ్ల నియమాలన్నీ వేడి చాలదన్న బెంగతో పెట్టుకున్నవే. మన బెంగ దానికి సరిగ్గా తిరగేసి ఉంటుంది. నడివేసవి మధ్యాహ్నం ఇక్కడి సీతాకోకచిలుకలు పొదల నీడన, వంకల్లో తేమ మిగిలిన చోట రెక్కలు ముడుచుకుని కూర్చుంటాయి. లేత ఆకు ఉండదు, పూలలో తేనె ఎండిపోతుంది.

తిరుపతి, చిత్తూరు ప్రాంతాలకు రెండు వానలు. జూన్ తరువాత నైరుతి, అక్టోబరు నుంచి ఈశాన్యం. మొదటి వానలకు మొలిచిన కసువు మీద, తీగల మీద పెట్టిన గుడ్లు రెక్కలు తొడిగి బయటికొచ్చేసరికి ఆగస్టు చివర అవుతుంది. అక్కణ్నుంచి డిసెంబరు దాకా మన సీజను. దేశమంతటా 2020 నుంచి సెప్టెంబరును బిగ్ బటర్‌ఫ్లై మంత్‌గా జరుపుతున్నారు. మనకు సరిపోయే నెల అది. వేళ పొద్దున ఎనిమిదిన్నర నుంచి పదకొండు. వాన వెలిసి ఎండ కాసిన మొదటి గంట ఇంకా మేలు, తడిసిన రెక్కలు ఆరబెట్టుకోవడానికి అవే ఆకులపైకి వచ్చి కూర్చుంటాయి.

బ్రిటన్‌లోని బటర్‌ఫ్లై కన్జర్వేషన్ సంస్థ 2010 నుంచి జూలై, ఆగస్టుల్లో నడిపే 15 నిమిషాల లెక్కను ఇక్కడికి తెచ్చుకోవడానికి మాత్రం అడ్డేమీ లేదు. ఎండ పడే ఒక చోటు చూసుకుని కదలకుండా పావుగంట నిలబడటమే. మన నీడ పూలమీద పడకూడదు, నీడ తగిలితే చాలు లేచిపోతాయి. నోటుపుస్తకంలో తేదీ, వేళ, చోటు, ఎండో మబ్బో, కూర్చున్న మొక్క పేరు రాయాలి. ఒక్కో రకంలో ఒకేసారి కంటబడిన గరిష్ఠ సంఖ్యనే లెక్కలో వేయాలి. అలా కాకపోతే ఒకే సీతాకోకచిలుక నూరువరహాల గుబురు చుట్టూ ఏడుసార్లు తిరిగి పుస్తకంలో ఏడుగా మారుతుంది. కొత్తవాళ్ల లెక్కల్లో ఎక్కువగా దొర్లే తప్పు ఇదే. ఏమీ కనబడకపోతే సున్నా అని రాయాలి. సున్నాలు లేని పుస్తకం చూస్తే ఎప్పుడు తగ్గాయో తెలియదు.

బ్రిటన్‌లో ఉన్నవి 60 లోపు రకాలు, చిన్న పట్టిక చేతిలో ఉంటే పోల్చుకోవచ్చు. మన దేశంలో 1,300కు పైనే. రెక్కల బొమ్మలు చూసి మొదలుపెట్టినవాడు వారానికే విసిగిపోతాడు. అందుకే ఇక్కడ మొక్క దగ్గర మొదలుపెట్టాలి. సీతాకోకచిలుక ఏ పూలమీదైనా వాలుతుంది కానీ, గుడ్డు మాత్రం తన గొంగళిపురుగు తినే ఆకుమీదే పెడుతుంది. ఆ ఆకు తెలిస్తే సగం పేరు తెలిసినట్టే.

పెరట్లోని కరివేపాకు, నిమ్మ చాలు. లేతాకు మీద ఆవగింజకన్నా చిన్నగా, గుండ్రంగా, పసుపుపచ్చగా ఒంటి గుడ్డు కనిపిస్తే అది లైమ్ బటర్‌ఫ్లై గానీ, కామన్ మార్మన్ గానీ. మూడు నాలుగు రోజుల్లో పొదుగుతుంది. పురుగు మొదట్లో అచ్చం పిట్ట రెట్టలా ఉంటుంది. చాలామంది దాన్ని నిజంగా రెట్ట అనుకునే వదిలేస్తారు, అది బతికేది కూడా అందుకే. చివరిసారి కుబుసం విడిచాక ఆకుపచ్చగా మారుతుంది. ముట్టుకుంటే తల వెనకనుంచి చీలిన కొమ్ములాంటిది బయటపెట్టి ఘాటు వాసన వదులుతుంది. కరవదు, దురద పెట్టదు. రెండు వారాలు తిని, కొమ్మకు నడుం చుట్టూ పట్టుదారం కట్టుకుని ప్యూపాగా, అంటే కదలని గూడులా, మారుతుంది. ఎనిమిది పది రోజుల తరువాత, ఎక్కువగా పొద్దున పూట, రెక్కలొస్తాయి. మొత్తం సుమారు నెల. సెలవుల ప్రాజెక్టు కావాలంటే దసరా ముందు మొదలుపెట్టి దీపావళికి ముగించేది ఇదే.

ఇది చెడేది ఎక్కడంటే నర్సరీ మొక్క దగ్గర. వేళ్లగుండా ఆకుకు ఎక్కే పురుగుమందు పోసి పెంచిన మొక్కను తెచ్చి పెడతారు, తల్లి వచ్చి గుడ్డు పెడుతుంది, పొదిగిన పిల్ల రెండో రోజుకో మూడో రోజుకో నల్లబడి రాలిపోతుంది. కొత్త మొక్కకు పాత ఆకు దూసేసి కనీసం రెండు మూడు నెలలు ఆగాలి. బజారు కరివేపాకును పురుగుకు మేతగా వేయకండి. వేపనూనె ప్రకృతిదే కదా అని చల్లేవాళ్లూ ఉన్నారు. గొంగళిపురుగుకు అది మందే, ఎరువు కాదు. ప్యూపాకు చిన్న బెజ్జం పడి ఉంటే లోపల పరాన్న కందిరీగ పెరిగి వెళ్లిపోయిందని అర్థం. అది రోగమూ కాదు, మీ తప్పూ కాదు. ఒక చిన్న కుండీ మొక్కకు ఇద్దరు ముగ్గురు అతిథులే చాలు, పది పురుగులు ఎక్కితే మొక్క ఈనెలుగా మిగులుతుంది. ఎక్కువైనవాటిని పక్కింటి మారేడుకు మార్చవచ్చు.

పెరడు దాటితే రోడ్డు పక్కన జిల్లేడు. దానిమీద ప్లెయిన్ టైగర్. గన్నేరు ఆకు కింద వెండి బొత్తాంలా మెరుస్తూ వేలాడేది కామన్ క్రో ప్యూపా, చూసినవాళ్లు నగ జారిపడిందనుకోవడం మామూలే. సీతాఫలం మీదా, ఆఫీసుల ముందు నిలువుగా పెంచే అశోకచెట్ల మీదా టెయిల్డ్ జే. ఆముదం మీద కామన్ క్యాస్టర్. రేలచెట్టు చుట్టూ లేతపసుపు గుంపుగా తిరిగేవి కామన్ ఎమిగ్రెంట్‌లు. కంచెమీది ఆదొండ తీగ మీద పయొనీర్. చిత్తూరు మామిడి తోటల్లో ఆకు నడి ఈనె వెంట, రెండు పక్కలా ఈకల్లాంటి ముళ్లతో, కంటికి ఆనకుండా పడుకునే ఆకుపచ్చ పురుగు కామన్ బారన్‌ది. కాయకు దానివల్ల చేటు లేదు. అదే తోటలో బదనిక పట్టిన కొమ్మ ఉంటే కామన్ జెజెబెల్ వస్తుంది. పైనుంచి తెల్లగా, రెక్క ముడిస్తే కింద పసుపు, అంచున ఎర్రచుక్కలు. బదనిక మామిడి రసం పీలుస్తుంది కాబట్టి రైతు కొట్టేయడం న్యాయమే. బీడులోని వేపచెట్టు మీది బదనికను వదిలేస్తే చాలు.

పోలికల దగ్గర జాగ్రత్త. ప్లెయిన్ టైగర్ జిల్లేడు విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది, పిట్టలు దాన్ని ముట్టవు. ఆ వేషమే వేసుకుని తిరిగేది డనాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడది. దాని పురుగు తినేది మనం పప్పులో వేసుకునే గంగపాయలాకు. వెనక రెక్క మధ్యలో మూడు నాలుగు నల్లచుక్కలుంటే ప్లెయిన్ టైగర్, పై అంచు దగ్గర ఒక్కటే ఉంటే ఎగ్‌ఫ్లై. ఇలాంటిదే ఇంకొకటుంది. కామన్ మార్మన్ ఆడది ఒక్కోచోట కామన్ రోజ్‌లాగా, ఒక్కోచోట క్రిమ్సన్ రోజ్‌లాగా కనిపిస్తుంది. ఆ అసలువాళ్లు ఈశ్వరి తీగ తిని చేదెక్కినవాళ్లు. రెక్కలు చూస్తే మోసపోతాం, ఒళ్లు చూడాలి. ఒళ్లు ఎర్రగా ఉంటే రోజ్, నల్లగా ఉంటే మార్మన్. గడ్డిలో తిరిగే చిన్న నీలాలనూ, చిన్న పసుపులనూ పేరు తేల్చకుండా 'నీలం', 'పసుపు' అని రాసుకున్నా నష్టం లేదు, పేరు తప్పు రాయడమే నష్టం. ఫొటో తీస్తే రెక్క పైభాగం ఒకటి, కిందిభాగం ఒకటి తీయాలి. నీలాలకు కిందిభాగం లేకపోతే ఎంతటివాళ్లూ చెప్పలేరు. ఎండాకాలంలో పాన్సీ అనే సీతాకోకచిలుకల రెక్క కిందివైపు కళ్లచుక్కలు చెరిగి ఎండుటాకులా అవుతుంది, అది వేరే రకమనుకోవద్దు.

బ్రిటన్‌కూ మనకూ నిజంగా ఉమ్మడిగా ఉన్నవాళ్లు ఒకరిద్దరు లేకపోలేదు. పెయింటెడ్ లేడీ ఆఫ్రికా నుంచి తరాలు మారుతూ బ్రిటన్ దాకా వెళ్తుంది, మన దేశంలోనూ ఉంటుంది. రెండోది లాంగ్-టెయిల్డ్ బ్లూ. బ్రిటన్ దక్షిణ తీరంలో అది అరుదైన అతిథి, కనిపిస్తే అక్కడివాళ్లు కార్లు వేసుకుని పరుగెత్తుతారు. మనం దాన్ని చలికాలంలో అనపకాయలు వలుస్తూ విసుక్కుని పారేస్తాం. కాయలో గింజను తొలిచే పొట్టి పచ్చపురుగుల్లో అదొకటి. (అన్నీ అదే కాదు, కాయతొలిచే మాత్ పురుగులూ ఉంటాయి.)

పూల విషయంలో నర్సరీవాళ్ల మాట వినకండి. ముద్ద గులాబీ, ముద్ద మందారం చూడ్డానికే, లోపల తేనెకు దారి ఉండదు. ఒంటిరేకు బంతి, జిన్నియా, నూరువరహాలు పెట్టండి. అన్నిటికన్నా మేలు, ఎవరూ నాటనక్కర్లేని గడ్డిచామంతి. లంటానా మీద చాలా వాలుతాయి, నిజమే. కానీ అది అడవిలోకి పాకి మిగతా మొక్కలను తొక్కేస్తుంది, శేషాచలం అంచున ఉన్న ఊళ్లలో దాన్ని కొనితెచ్చి నాటడం అన్యాయం. పూలకు రాని బారన్‌లాంటివాటికి బాగా ముగ్గిన తోతాపురి తొక్కో, అరటిపండో పళ్లెంలో పెట్టాలి. చీమలు పట్టకుండా ఆ పళ్లేన్ని నీళ్ల గిన్నెలో నిలబెట్టాలి. మట్టి తట్టలో ఇసుక పోసి, చిటికెడు ఉప్పు, కాస్త పేడ కలిపి తడిపి ఉంచితే మగవి ఉప్పుకోసం వస్తాయి. స్వర్ణముఖి ఇసుకలో తడి తగ్గని చోట గుంపులుగా కూర్చునేదీ అందుకే. నీళ్లు నిలవనివ్వకండి, సీతాకోకచిలుకలకన్నా ముందు దోమలొస్తాయి.

చూడటానికి ఎస్వీ యూనివర్సిటీ ఆవరణ, కపిలతీర్థం పరిసరాలు, తలకోనలో జలపాతానికి వెళ్లే దారి బాగుంటాయి. శేషాచలం రక్షిత అడవి, అనుమతి లేకుండా దారి దాటి లోపలికి వెళ్లకూడదు. చిరుతలు తిరిగే చోట్ల పిల్లలను తెల్లవారుజామున, సాయంత్రం ఒంటరిగా పంపకూడదు. వల పట్టడం వద్దే వద్దు. కొన్ని రకాలకు 1972 నాటి వన్యప్రాణి చట్టం రక్షణ ఉంది, ఏది ఏదో వలలో పడ్డాక తేల్చుకోలేం. ఊళ్లో రోడ్డు పక్క కసువు కోతను డిసెంబరు దాటేవరకు ఆపగలిగితే, లేదా కనీసం ఒక పక్క కోసి ఇంకో పక్కను నెల తరువాత కోస్తే, గుడ్లూ పురుగులూ మిగులుతాయి.

ఒక సవరణ కూడా వేయాలి. వ్యాసం పక్కన మీరు వేసిన బొమ్మ మొనార్క్‌ది. అది అమెరికాది. బ్రిటన్‌కు ఎప్పుడైనా సముద్రం మీద గాలికి కొట్టుకొస్తుంది, మన తోటల్లో ఉండదు. అదే వంశంలోని బ్లూ టైగర్ బొమ్మ వేయండి. నల్లటి రెక్కలమీద లేతనీలి చారలు, శాస్త్రనామం 'తిరుమల లిమ్నియేసి'. ఆ ప్రజాతికి తిరుమల అని పేరు పెట్టింది ఫ్రెడరిక్ మూర్, 1880లో. వాన తెరిపిచ్చిన పొద్దున జనుము, గిలకచెట్ల ఎండిన కాడలు చూడండి. మగవి వాటిని పీలుస్తూ మనిషి దగ్గరికొచ్చినా లేవవు, ఫోను కెమెరా చాలు.

— సీతాకోకచిలుకల పరిశీలకులు కొందరు,
తిరుపతి