ఫైనలియర్ పిల్లల్ని బ్రౌజర్ చేయనివ్వండి

ఎడిటర్ గారికి నమస్కారం.

మా చిన్నాయన కొడుకు చిత్తూరు దగ్గర ఒక ఇంజినీరింగ్ కాలేజీలో ఫైనలియర్ చదువుతున్నాడు. వాడూ, వాడి బ్యాచ్‌లో ఇంకో ముగ్గురూ కలిసి ప్రాజెక్టుగా సొంతంగా ఒక చిన్న వెబ్ బ్రౌజర్ చేస్తాం, అందులో జావాస్క్రిప్ట్ (వెబ్ పేజీల్లో బటన్లూ గట్రా పనిచేయించే భాష) కూడా నడిపిస్తాం అని ప్రాజెక్టు గైడ్ గారిని అడిగితే, క్రోమ్ ఉండగా మీదెవరు వాడతారు, ఏ అటెండెన్స్ సిస్టమో చేసుకోండి అని పంపించేశారట. బయట డబ్బులిచ్చి ప్రాజెక్టు కొనుక్కొచ్చిన బ్యాచ్‌లకి మాత్రం ఏ అడ్డూ లేదు. నాకు చాలా బాధేసింది, అందుకే ఈ ఉత్తరం.

నేను తిరుపతిలో ప్రోగ్రామర్‌ని. "ఏం చేద్దాం అన్నా" అని వాడు ఫోన్ చేస్తే, ఆదివారాలు మా ఇంటికి రండ్రా, మార్కుల సంగతి తర్వాత చూద్దాం అన్నాను. మూడు నెలలుగా పొద్దున బస్సుకి వచ్చి రాత్రికి వెళ్తున్నారు. పేజీలో ఏముండాలో చెప్పే హెచ్‌టీఎమ్ఎల్‌ని చదివి తెర మీద గీసే భాగం సి భాషలో వాళ్లే రాశారు. జావాస్క్రిప్ట్‌ని చదివి నడిపే ఇంజిన్ మాత్రం ఫ్రెంచ్ ప్రోగ్రామర్ ఫాబ్రిస్ బెలార్డ్ 2019లో విడుదల చేసిన క్విక్‌జేఎస్ తీసుకున్నారు. క్రోమ్‌లో ఉండే వీ8 ఇంజిన్‌ని బిల్డ్ చేయాలంటే మా ల్యాప్‌టాప్‌లు కూలబడతాయి, ఇదైతే కొన్ని సి ఫైళ్లే.

ఇంజిన్ రెడీమేడ్‌గా దొరికాక వీళ్లు చేసిందేముంది అని అడగొచ్చు. అసలు పని అక్కడే మొదలవుతుంది. ఇంజిన్‌కి లూపులు, ఫంక్షన్లు తెలుసు గానీ డాక్యుమెంట్ అంటే ఏమిటో, బటన్ అంటే ఏమిటో తెలీదు. అవన్నీ బ్రౌజర్ రాసేవాళ్లే ఒక్కొక్కటిగా దానికి పరిచయం చేయాలి. కాసేపాగి ఈ పని చేయి అని చెప్పే సెట్‌టైమౌట్ కూడా భాషలోది కాదు, బ్రౌజర్ ఇచ్చేదే. ఏళ్ల తరబడి జావాస్క్రిప్ట్ రాస్తూ కూడా ఈ సంగతి తెలీనివాళ్లని నేను ఆఫీసులో చూశాను. ప్రామిస్ (ఒక పని అయ్యాక తర్వాతది నడిపించే పద్ధతి) రాసి దాని వెనక ఒక ఫంక్షన్ పెడితే మావాళ్ల బ్రౌజర్‌లో ఆ ఫంక్షన్ అసలు నడవలేదు, ఎర్రరూ రాలేదు. ఇంజిన్ ఆ పనిని క్యూలో పెట్టుకుని కూర్చుంటుంది, బయటి ప్రోగ్రాం పిలిచి నడపమంటేనే నడుపుతుంది అని పట్టుకోవడానికి రెండు ఆదివారాలు పట్టింది.

ఇంకోటి చెప్పాలి. పేజీలో "తిరుపతి" అని రాసి, మొదటి ఐదు మాత్రమే చూపించు అంటే తెర మీద "త" వచ్చి పక్కన ఒక ఖాళీ డబ్బా వచ్చింది. మనకి తిరుపతి నాలుగక్షరాలు. జావాస్క్రిప్ట్‌ని పొడవు అడిగితే గుణింతపు గుర్తుల్ని విడిగా లెక్కపెట్టి 7 అంటుంది. అదే మాట యూటీఎఫ్-8లో (అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతి) సి వైపుకి వచ్చేసరికి 21 బైట్లు. జావాస్క్రిప్ట్ చెప్పిన 5ని వీళ్లు సి వైపు బైట్లుగా తీసుకుని "తి" మీది గుడి గుర్తుని మధ్యలో కోసేశారు. ఏబీసీడీలతో టెస్ట్ చేసి ఉంటే ఈ తప్పు ఎప్పటికీ బయటపడేది కాదు, తెలుగు పెట్టారు కాబట్టి దొరికింది.

అన్నిటికంటే ఏడిపించింది క్రాష్. స్క్రిప్ట్ ఒక బటన్‌ని పేజీలోంచి తీసేస్తే సి కోడ్ దాని మెమరీని వదిలేసేది. జావాస్క్రిప్ట్ వేరియబుల్ మాత్రం ఆ పాత అడ్రస్‌నే పట్టుకుని ఉండేది, మళ్లీ ముట్టుకోగానే బ్రౌజర్ ఢమాల్. ఇది పిల్లల చేతగానితనం కాదు. తమ తీవ్రమైన సెక్యూరిటీ లోపాల్లో దాదాపు 70 శాతం మెమరీ తప్పులేనని, వాటిలో సగం ఇలా వదిలేసిన మెమరీని మళ్లీ వాడటం వల్ల వచ్చినవేనని 2020లో క్రోమ్‌కి ఆధారమైన క్రోమియం టీమే చెప్పింది. క్లాసులో రెండు మార్కుల ప్రశ్నగా చదివిన రిఫరెన్స్ కౌంటింగ్ (ఒక వస్తువుని ఎంతమంది పట్టుకుని ఉన్నారో లెక్కపెట్టి, ఎవరూ లేనప్పుడే మెమరీ వదలడం) ఏమిటో ఆ రాత్రి వాళ్లకి నిజంగా అర్థమైంది.

దేశీయ బ్రౌజర్ కావాలని కేంద్రం 2023లో పోటీ పెట్టింది. దాంట్లో మొదటి బహుమతి కోటి రూపాయలు గెలిచిన జోహో వాళ్ల ఉలా కూడా క్రోమియం మీద కట్టిందే. అందులో తప్పేం లేదు, ఎవరి దారి వాళ్లది. కానీ లోపలి భాగాలు విప్పి చూసే పిల్లల్ని నాలుగో సంవత్సరంలోనే ఆపేస్తే ఆ పని తెలిసినవాళ్లు మనకి ఎక్కడి నుంచి వస్తారు? స్వీడన్‌లో ఆండ్రియాస్ క్లింగ్ 2018లో ఒక్కడే మొదలుపెట్టిన సెరెనిటీ ఓఎస్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌లోంచే ఈరోజు లేడీబర్డ్ బ్రౌజర్ వచ్చింది, దానికి జావాస్క్రిప్ట్ ఇంజిన్ కూడా సొంతదే.

మన రెండు జిల్లాల కాలేజీల వాళ్లని నేను కోరేది ఒక్కటే. సగమే పనిచేసే ప్రాజెక్టుని కూడా ఒప్పుకోండి, వైవాలో కోడ్ తెరిపించి ఎందుకిలా రాశావని అడిగి దానికి మార్కులివ్వండి.

ఆ నలుగురూ ఈ సోమవారం ల్యాప్‌టాప్ పట్టుకుని మళ్లీ గైడ్ గారి దగ్గరికి వెళ్తున్నారు. దయచేసి ఒక పది నిమిషాలు కూర్చుని చూడండి సార్. ఏ లైను మీద వేలు పెట్టి అడిగినా చెప్తారు.

ఇట్లు,
ఒక ప్రోగ్రామర్, తిరుపతి