ఆ రెండు ‘డార్క్’లూ వేరు
మీ పత్రికలో విశ్వ విస్తరణ వార్తల్లో డార్క్ ఎనర్జీనీ డార్క్ మ్యాటర్‌నీ ఒకటే అన్నట్టు కలిపి రాసేస్తున్నారు. డార్క్ మ్యాటర్ అనే కనిపించని పదార్థం గురుత్వంతో గెలాక్సీలను పట్టి ఉంచుతుంది, డార్క్ ఎనర్జీ విశ్వ విస్తరణ వేగాన్ని పెంచుతుంది. రెండూ చేసే పనులే వేరు. ఇంటర్ పిల్లలకు ఫిజిక్స్ చెబుతాను కాబట్టి ఈ గందరగోళం నాకు ఏటా ఎదురవుతోంది. 2025 మార్చిలో అమెరికాలోని అరిజోనా నుంచి టెలిస్కోప్‌తో గెలాక్సీల పటం గీస్తున్న డెసి సర్వే ఫలితాలు వచ్చినప్పుడు ఒక అబ్బాయి పేపర్ కటింగ్ తెచ్చి ‘ఐన్‌స్టీన్ తప్పంట కదా సార్’ అన్నాడు. ఐన్‌స్టీన్ సమీకరణంలోని స్థిరాంకం ప్రకారం ఈ ఎనర్జీ కాలంతో మారకూడదు, అందుకే ఆ మాట. కటింగంతా వెతికినా అసలు అంకె లేదు. డార్క్ ఎనర్జీ కాలంతో మారుతోందన్న సూచన బలం, జతచేసిన సూపర్‌నోవా (పేలిపోయే నక్షత్రాల) డేటాను బట్టి, 2.8 నుంచి 4.2 సిగ్మా. ఫలితం కాకతాళీయం కాదని ఎంత గట్టిగా చెప్పగలమో కొలిచేదే సిగ్మా. ఆవిష్కరణ అనాలంటే 5 కావాలి. అలా మారే శక్తిని వివరించడానికే స్కేలార్ ఫీల్డ్ నమూనాలు. పేరు చూసి బెదరక్కర్లేదు: మీరు రోజూ వేసే ఉష్ణోగ్రతల పట్టికలో ఊరికో అంకె ఉన్నట్టే, ఇక్కడ విశ్వంలో ప్రతి బిందువుకీ ఒక అంకె. దిశ ఉండదు, అంతే. అది మెల్లగా మారుతుంటే విస్తరణను తోసే తీవ్రతా మారుతుంది. ఇలాంటి వార్త పక్కన సిగ్మా విలువతో నాలుగు లైన్ల బాక్సు వేయండి. అచ్చుకు ముందు దగ్గర్లోని కాలేజీ ఫిజిక్స్ లెక్చరర్‌కు ఒక్క ఫోన్ చేయండి.
– ఫిజిక్స్ లెక్చరర్, హనుమకొండ