పినపాక దారిలో దొరికిన కాకకు దండం

నిద్ర లేక కళ్లు మండుతున్నాయి. అయినా ఇది రాసే పడుకుంటా. రేపు మళ్లీ కిస్తీ గోలలో పడితే రాయలేను.

మొన్న మంగళవారం సాయంత్రం కంకర లోడుతో పినపాక వైపు కల్వర్టు పనికి పోయాను. పది టైర్ల టిప్పర్, సొంత బండి, ఇంకా 22 కిస్తీలున్నాయి. అకాల వానకు రేగడి నేల పిండి ముద్దలా ఉంది. తారు దిగి 50 గజాలు పోయానో లేదో బండి కూర్చుంది. వెనక ఎడమ జత ఒక్కటే గిరగిరా తిరుగుతోంది. మిగతా మూడు జతలూ చోద్యం చూస్తున్నట్టు కదలకుండా ఉన్నాయి. తొక్కినకొద్దీ ఇంకా దిగింది. సైటు వాళ్లు తిట్టారు, వెనక ఆగిన బండ్ల వాళ్లు తిట్టారు. రాత్రి 11కి నాకూ తిక్క రేగి, టైరు తిరుగుతుండగానే డిఫ్ లాక్ స్విచ్చు (టైర్లన్నిటినీ కలిపి తిప్పేది) నొక్కేశా. ఇరుసు మధ్యనుండే గేర్ల డబ్బా, అదే హౌసింగ్ లోంచి కటకటమని చప్పుడు.

అప్పుడే రోడ్డు మీద టీవీఎస్ ఎక్సెల్ ఆపి ఒక పెద్దాయన పరుగెత్తుకొచ్చారు. "కాలు తియ్, కాలు తియ్! క్రౌన్ పోతది!" క్రౌన్ అంటే ఆ హౌసింగ్ లోపలి పెద్ద పళ్ల చక్రం.

ఇంజన్ ఆపించారు. ఐదు నిమిషాలు ఎవర్నీ మాట్లాడనివ్వలేదు. చెప్పులు విడిచి బురదలోకి దిగి, ప్రతి టైరు కిందా చేత్తో తడిమి చూశారు. నా వయసుకు రెండింతలుంటారు. మణుగూరు గనుల్లో బొగ్గు మీది మట్టి (ఓబీ) మోసే కాంట్రాక్టు టిప్పర్లు నడిపి మానేశారట. "లాక్ ఎట్లెయ్యాల్నో ఎవరన్న చెప్పిన్రా నీకు?" అనడిగారు. లేదన్నాను. "మరింకేంది? బండి తప్పు లేదు, నీ తప్పు లేదు. ఎవరూ చెప్పలే, అంతే" అన్నారు. సాయంత్రం నుంచి పడ్డ తిట్లన్నీ ఒక్కసారి గుర్తొచ్చి, బాడీకి ఆనుకుని ఏడ్చేశాను. ఆయన చూడనట్టు అటు తిరిగి బీడీ వెలిగించుకున్నారు.

ఆ తర్వాత చెప్పారు. మలుపులో బయటి టైరు ఎక్కువ దూరం తిరగాలి కాబట్టి రెండు వైపులూ వేర్వేరుగా తిరిగేలా డిఫరెన్షియల్ పెట్టారు. చిక్కంతా బురదలోనే. పట్టులేని టైరు తీసుకునే ఆ కొంచెం బలమే గట్టి నేల మీదున్న టైరుకూ అందుతుంది, అందుకే బండి కదలదు. లాక్ పడితే రెండూ ఒకే ఇరుసులా తిరుగుతాయి. నా డ్యాష్ బోర్డు మీద రెండు స్విచ్చులుంటే రెండూ ఒకటే అనుకున్నాను ఇన్నాళ్లూ! ఒకటి రెండు హౌసింగ్‌లనీ కలిపేది, రెండోది ఎడమ కుడి టైర్లను కలిపేది. ముందు మొదటిది, దానితో పని కాకపోతేనే రెండోది.

టైర్ల ముందు మట్టి తవ్వించి, నా లోడులోంచే కంకర పోయించి, దాని మీద పత్తి కట్టె పరిపించారు. స్టార్ట్ చేసి గాలి గేజు ఎక్కేదాకా ఆగమన్నారు, లాక్ పడేది గాలితోనే కదా. బండి కదలకుండా ఉన్నప్పుడే స్విచ్చు నొక్కి, క్లచ్చు కొద్దిగా వదిలితే లాక్ పడిందని చెప్పే లైటు వెలిగింది. స్టీరింగు నేరుగా, ఫస్ట్ గేరు, ఎక్సలేటర్ మీద కాలు బరువు పెట్టొద్దు. రెండో ప్రయత్నానికి బండి మూలుగుతూ పైకొచ్చింది.

గట్టి నేల మీదికొచ్చాక కూడా నన్ను వదల్లేదు. టార్చి పట్టుకుని కిటికీ పక్కనే నడుస్తూ, "లైటు ఆరిందా?" అని మూడుసార్లు అడిగారు. స్విచ్చు తీసినా ఆరలేదు. కొంచెం వెనక్కి పోనిచ్చి, మెల్లగా ముందుకు తెమ్మన్నారు. టప్పుమని ఆరింది. అది ఆరకుండా తారెక్కి మలుపు తిప్పితే టైర్లు గీసుకుపోతాయట, యాక్సిల్ మెలి తిరిగి తెగుతుందట. బండి స్టీరింగు మాట వినకుండా నేరుగా పోతుందట. డబ్బులిస్తే చేతిని వెనక్కి నెట్టి, "ఇంకో పిలగానికి చెప్పు" అన్నారు. ఫోన్ నంబరు అడగాలన్న తెలివి నాకు లేకపోయింది. కాకా, ఇది ఎవరైనా మీకు చదివి వినిపిస్తే నా దండం.

మా తమ్ముడు అర్ధరాత్రి పారలు, డీజిలు తెచ్చాడు, మా ఆవిడ తెల్లారిందాకా ఫోన్ పట్టుకునే ఉంది. వాళ్ల సంగతి ఇంట్లో చూసుకుంటాం.

ఒక్క మాట అడగకుండా ఉండలేను. హెవీ లైసెన్స్ పరీక్షలో నాతో బండిని ముందుకు, వెనక్కి నడిపించి పంపేశారు. బండి డెలివరీ నాడు కొబ్బరికాయ, దండ, ఫొటో అన్నీ అయ్యాయి. ఆ రెండు స్విచ్చులు ఎందుకో చెప్పడానికి మాత్రం ఎవరికీ తీరిక లేదు. చేతిలో పెట్టిన పుస్తకం మొత్తం ఇంగ్లీషు. సైటులో మొరం పోయకుండా బండ్లు దింపమన్నోళ్లే, అక్కడున్న జేసీబీ ఇవ్వకుండా, ఆగిన రాత్రికి డబ్బు కూడా కోసేశారు.

అన్నట్టు, హెడ్‌లైట్లు వేసి నిలబడ్డ ఆ పన్నెండు టైర్ల లారీ అన్నకు థాంక్స్, క్లీనర్ పిల్లాడికి కూడా. తెల్లారి డబ్బు వద్దని టీ పోసిన అక్కకు. అయ్యో, పత్తి కట్టె రైతు! అడక్కుండానే తీసుకున్నాం, పొద్దున చెప్తే నవ్వి, "ఎట్లయినా కాలబెట్టేదే" అన్నాడు.