నిషేధించే ముందు ఒక్కసారి పరీక్షించండి: రవాణా శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

మంత్రి గారికి నమస్కారం.

నేను చిన్న కార్లకి బయటి పార్టులు, అంటే కార్ల కంపెనీవి కాని పార్టులు, తయారు చేసే మనిషిని. కారు కొన్నాక పికప్ పెంచుకోవడానికో, మలుపుల్లో బండి ఊగకుండా ఉండటానికో, బ్రేకులు ఇంకాస్త నమ్మకంగా పట్టడానికో జనం వేయించుకునే ఎయిర్ ఇన్‌టేకులు, సైలెన్సర్లు, స్ప్రింగులు, బ్రేక్ ప్యాడ్లు నా పని. ఈ మాట వినగానే మీకు ఏం గుర్తొస్తుందో నాకు తెలుసు. అర్ధరాత్రి వీధి వీధంతా ఉలిక్కిపడి లేచేలా మోత పెట్టుకుంటూ పోయే కారు, లోపల ఒక కుర్రాడు. ఆ కుర్రాడి మీద మీకెంత కోపమో నాకు అంతకంటే ఎక్కువ, ఎందుకంటే వాడి సైలెన్సర్ విని బయటి పార్టులన్నిటినీ నిషేధిద్దామని మీరు తీసుకునే నిర్ణయం చివరికి వచ్చి పడేది నా షెడ్డు మీద.

నా గోడు ఒక్కటే. ఆరు నెలలు కొలిచి, విరగ్గొట్టి, మళ్లీ చేసి బయటికి తెచ్చిన పార్టునీ, ఎవడో రంగు పూసి డబ్బాలో పెట్టి అమ్మేసిన పార్టునీ మీరు ఒకే గాటన కడుతున్నారు. రెండూ 'మాడిఫికేషన్' అనే ఒక్క మాట కిందే పోతున్నాయి. తేడా చూపిద్దామంటే చూపించే చోటు లేదు. ఒక టెస్టింగ్ కేంద్రానికి రాస్తే "మీరు కార్ల కంపెనీయా?" అని అడిగారు. కాదన్నాను. అంతే, తర్వాత జవాబు లేదు.

పరీక్షించడం అంటే మేం ఏం చేస్తామో కొంచెం వివరంగా చెప్తాను. మా మొదటి ఇన్‌టేక్ పైపు కథ వినండి, ఇందులో మా పరువు కూడా కొంచెం పోతుంది. మూడు సిలిండర్ల చిన్న పెట్రోల్ కారు. డైనో, అంటే ఇంజిన్ పవర్ కొలిచే మిషన్, మీద ఎక్కించి తిప్పితే చక్రాల దగ్గర 82 హార్స్ పవర్ వచ్చింది. మా పైపు, మా ఫిల్టర్ పెట్టి తిప్పితే 86. షెడ్డులో ఈలలు, కేకలు. మాలో కాస్త పెద్దాయన ఒకరు, మాటలు తక్కువ మనిషి, "మళ్లీ పాతది పెట్టి తిప్పండి" అన్నాడు. కంపెనీ ఫిల్టర్ పెట్టి తిప్పితే 85! అంటే మేం సంబరపడిన నాలుగులో మూడు గేర్‌బాక్స్ ఆయిలూ టైర్లూ వేడెక్కడం వల్ల వచ్చినవి, మా పైపుకి దక్కింది ఒక్కటి, ఆ ఒక్కటి కూడా డైనో ఒకసారికీ ఇంకోసారికీ చూపించే తేడాలోనే కలిసిపోతుంది. పాతది, కొత్తది, మళ్లీ పాతది అని తిప్పకుండా "20 హార్స్ పవర్ పెరుగుతుంది" అని డబ్బా మీద అచ్చేసేవాళ్లు కొల్లలు. ఏ గాలి ఉష్ణోగ్రత, ఏ పీడనం దగ్గర లెక్కేశారో కూడా రాయరు. ఇంజిన్ పవర్ కొలతకి ఉన్న ఎస్ఏఈ జె1349 అనే ప్రమాణం ప్రకారం 25 డిగ్రీలు, 99 కిలోపాస్కల్స్ పొడి గాలికి సర్ది చెప్పాలి, అలా చెప్తేనే ఒక అంకెని ఇంకో అంకెతో పోల్చడానికి వీలవుతుంది.

కథ అక్కడితో అవలేదు. డైనో మీద తిప్పినప్పుడు బానెట్ ఎత్తి, ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెడతాం కదా, రోడ్డు మీద అలా ఉండదు. బానెట్ వేసి ట్రాఫిక్‌లో ఇరవై నిమిషాలు ఉంటే ఇంజిన్‌లోకి వెళ్లే గాలి 36 డిగ్రీల నుంచి 63కి ఎక్కింది, ఎందుకంటే మా అందమైన ఫిల్టర్ రేడియేటర్ వెనక వేడి గాలినే పీలుస్తోంది. గాలి వేడెక్కితే పలచబడుతుంది, ఆ 27 డిగ్రీలకి దాదాపు 8 శాతం గాలి తగ్గినట్టు. ఉన్న పికప్ కూడా పోయింది. సరే అని ఫిల్టర్‌ని ముందు బంపర్ దగ్గరికి మార్చాం, పైపు కూడా 60 మి.మీ. నుంచి 66 చేశాం, గాలి బాగా ఆడుతుందని. రెండో రోజుకే చెక్ ఇంజిన్ లైట్ వెలిగింది. గాలిని కొలిచే సెన్సర్ ఆ పైపులోనే ఉంటుంది, అది 60 మి.మీ. పైపుకి లెక్క కట్టినది, పైపు వెడల్పయ్యేసరికి లోపల గాలి నెమ్మదించి సెన్సర్ తక్కువ చూపించింది, ఈసీయూ, అంటే ఇంజిన్ కంప్యూటర్, తక్కువ పెట్రోల్ పంపింది, తర్వాత ఆక్సిజన్ సెన్సర్ చూసి సర్దుకుంటూ సర్దుకుంటూ 20 శాతం దాకా అదనంగా కలిపి, ఇక నావల్ల కాదని కోడ్ పడేసింది. పి0171, అంటే గాలికి తగ్గ పెట్రోల్ లేక మిశ్రమం పలచగా ఉందని అర్థం. మామూలుగా నడిపినప్పుడు ఈ సర్దుబాటుతో బండి నడిచిపోతుంది, కానీ యాక్సిలరేటర్ పూర్తిగా తొక్కినప్పుడు ఈ తేడా అలాగే మిగిలితే పిస్టన్ కరిగే ప్రమాదం ఉంది. సెన్సర్ ఉండే ముక్కని మళ్లీ 60కి తెచ్చాక అంతా దారికొచ్చింది. చివరికి మేం అమ్మిన పార్టు ఇచ్చేది రెండు హార్స్ పవర్, డబ్బా మీద రెండనే రాశాం. అమ్మకాలు ఎలా ఉన్నాయో మీరు అడక్కండి.

స్ప్రింగుల దగ్గరికి వస్తే నాకు నవ్వులాట ఉండదు. స్ప్రింగు గట్టిదనం దాని తీగ మందానికి నాలుగో ఘాతంలో పెరుగుతుంది. 12 మి.మీ. తీగ బదులు 12.6 వేస్తే, కంటికి తేడా కూడా తెలియదు, గట్టిదనం 21 శాతం పైగా పెరిగిపోతుంది. బయట చాలామంది చేసేది ఇంకా ఘోరం. బండి కిందికి దిగాలని కంపెనీ స్ప్రింగునే గ్రైండర్‌తో ఒక చుట్టు కోసేస్తారు. పనిచేసే చుట్లు ఆరుంటే ఒకటి పోగానే గట్టిదనం 20 శాతం పెరుగుతుంది, అది కూడా పెద్ద సమస్య కాదు, అసలు సమస్య చక్రం గాల్లోకి వేలాడినప్పుడు. పొడవు తగ్గిన స్ప్రింగు దాని కప్పులో వదులైపోతుంది. స్పీడ్ బ్రేకర్ మీద ఎగిరి చక్రం కిందికి జారిన ఆ క్షణంలో స్ప్రింగు పక్కకి తప్పుకుంటే స్టీరింగ్ ఎవరి చేతిలో ఉన్నా ఒకటే. అందుకే మేం చేసే మొదటి పరీక్షకి ఏ మిషనూ అక్కర్లేదు. జాకీ పెట్టి కారు లేపి, చక్రాన్ని పూర్తిగా వేలాడదీసి, స్ప్రింగుని చేత్తో తిప్పి చూస్తాం. తిరిగితే ఆ డిజైన్ చెత్తబుట్టలోకి.

ఆ తర్వాత స్ప్రింగుని విరిగేదాకా నొక్కి వదిలే నలిపే మిషన్. మా సొంతం కాదు, గంటల లెక్కన అద్దెకి. ఒకసారి వరసగా మూడు స్ప్రింగులు పెడితే రెండోది 2,80,000 నలుపుల దగ్గర ఠప్పున విరిగింది. ఆ ముక్కని ఇప్పటికీ నా బల్ల మీదే ఉంచుకున్నాను. విరిగిన చోట సగం నున్నగా, అలలు అలలుగా ఉంటుంది, మిగతా సగం గరుగ్గా, పంచదార పలుకుల్లా మెరుస్తుంది. నున్నటి భాగం ఎక్కడ మొదలైందో వెతుక్కుంటూ వెళితే తీగ లోపలి వైపు ఒక గీత, గోటితో గీరినంత. చుట్టే మిషన్ పిన్ను రాసుకుని పడింది. ఆ గీత నుంచి పగులు నలుపు నలుపుకీ కొంచెం పాకి, సగం తిన్నాక మిగిలిన సగం ఒక్కసారిగా తెగిపోయింది. ఆ విడతకి చిన్న చిన్న ఉక్కు గుండ్లతో పైపొరని కొట్టే షాట్ పీనింగ్ సరిగ్గా జరగలేదని తర్వాత తేలింది. మొత్తం విడత తుక్కుకి వేశాం. ఆ రాత్రి టెన్షన్‌తో నిద్ర పట్టలేదు, డబ్బు పోయినందుకు కాదండి, మిషన్ అద్దె ఎక్కువని ఆ పరీక్ష వదిలేద్దామా అని అంతకు ముందు వారం మేమే మాట్లాడుకున్నాం.

బ్రేకుల గురించి ఒక్క లెక్క చాలు. మనుషులతో కలిపి వెయ్యి కిలోల కారు గంటకి 100 కిలోమీటర్ల వేగంలో ఉంటే దాన్ని ఆపడానికి బ్రేకులు మింగాల్సిన శక్తి సుమారు 386 కిలోజౌల్స్. వేగం 120 అయితే అది 44 శాతం ఎక్కువ. పికప్ పెంచి బ్రేకులు వదిలేయడం ఎంత తెలివితక్కువ పనో ఈ ఒక్క అంకె చెప్తుంది. ఇది కొత్తగా తెలిసిన విషయమేం కాదు. 1959లో వచ్చిన మినీ కారుకి 848 సీసీ ఇంజిన్, 34 హార్స్ పవర్. 1961లో రేసు కార్లు తయారు చేసే జాన్ కూపర్ చేయి పడిన మినీ కూపర్ వచ్చినప్పుడు ఇంజిన్ 997 సీసీ, 55 హార్స్ పవర్ అయింది, దాంతోపాటే ముందు చక్రాలకి డిస్క్ బ్రేకులు వచ్చాయి. చిన్న కారుని ముట్టుకునేవాడు రెండు వైపులా చూసుకోవాలని వాళ్లకి అప్పుడే తెలుసు. ఇటలీలో కార్లో అబార్త్ కూడా అంతే, 1949లో కంపెనీ పెట్టి తొలి రోజుల్లో చిన్న ఫియట్ కార్లకి సైలెన్సర్లు చేసి అమ్మి నిలదొక్కుకున్నాడు, 1971లో ఆ కంపెనీని ఫియటే కొనేసుకుంది. మేం అంత గొప్పవాళ్లం అని చెప్పట్లేదు, మాలాంటి పని చేసిన షెడ్డు మొదట్నుంచీ దొంగల అడ్డా కాదని చెప్తున్నాను, అంతే.

బ్రేక్ ప్యాడ్లకి ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో ఆర్90 అని ఒకటుంది. అందులో నాకు నచ్చిన విషయం, బయటి ప్యాడ్ పట్టు కంపెనీ ప్యాడ్ పట్టుకి 15 శాతం అటూ ఇటూ లోపలే ఉండాలి. తక్కువ పడితే ఫెయిల్, మరీ ఎక్కువ పట్టినా ఫెయిలే! ఎందుకంటే వెనక ప్యాడ్లు అతిగా పడితే ముందు వాటికంటే ముందే వెనక చక్రాలు బిగుసుకుని బండి గిర్రున తిరుగుతుంది. "మా ప్యాడ్లు సూపర్‌గా పడతాయి" అనే ప్రకటన చూసినప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇలాంటివే సైలెన్సర్లకి ఆర్59, అలాయ్ వీల్స్‌కి ఆర్124 ఉన్నాయి. అంటే పరీక్షలు మీరు కొత్తగా కనిపెట్టాల్సిన పనే లేదు.

మోత సంగతి చెప్పాలి. ఒకసారి మా టెస్ట్ కారుని దారిలో ఆపారు. ఆపిన అధికారి మర్యాదగానే మాట్లాడాడు, కానీ కొలిచే మీటరు లేదు, బానెట్ మీద చెయ్యి వేసి "సౌండ్ ఎక్కువుంది" అన్నాడు. నా దగ్గర మీటరుంది సార్, కొలుద్దాం అంటే నా మీటరుని ఆయన ఎందుకు నమ్మాలి? అదీ నిజమే. ఐఎస్ఓ 5130 అనే పద్ధతిలో మైకుని సైలెన్సర్ మూతికి అర మీటరు దూరంలో, 45 డిగ్రీల కోణంలో, ఆ మూతి ఎత్తులోనే పెట్టి, ఫలానా ఆర్‌పీఎం దగ్గర నిలిపి, అక్కడి నుంచి యాక్సిలరేటర్ వదిలేస్తూ కొలుస్తారు. ఐదు నిమిషాల పని. ఆ ఐదు నిమిషాల పని లేక ఒక పూటంతా పోయింది, పైగా ఆ రోజు బండికి ఉన్నది కంపెనీ సైలెన్సర్, మేం పరీక్షిస్తున్నది స్ప్రింగులు.

మిగతా చోట్ల దీనికి దారి వేసుకున్నారు. జర్మనీలో పార్టుని ట్యూఫ్ లాంటి సంస్థ పరీక్షించి, ఏ కారుకి, ఏ టైరు సైజుతో, ఏ షరతుల మీద వేసుకోవచ్చో కాగితం ఇస్తుంది, కారు ఆపితే ఆ కాగితం చూపిస్తారు. కాలిఫోర్నియాలో ఇంజిన్ పార్టు పొగని పెంచట్లేదని రుజువు చేస్తే గాలి నాణ్యత బోర్డు ఒక ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ నంబరు ఇస్తుంది, ఆ నంబరున్న స్టిక్కరు ఇంజిన్ దగ్గర అంటిస్తారు. జపాన్‌లో అలాయ్ వీల్ మీదే, అది అక్కడి ప్రమాణానికి సరిపోయిందని చెప్పే జేడబ్ల్యూఎల్ గుర్తు పోత పోసి ఉంటుంది. ఈ మూడింట్లోనూ తనిఖీ చేసేవాడు సొంత చెవినీ కంటినీ నమ్ముకోనక్కర్లేదు, కాగితమో, నంబరో, గుర్తో చూస్తే చాలు.

నేను అడిగేది ఈ దారే. పార్టు ఏ రకమో చూసి దానికి తగ్గ పరీక్ష పెట్టండి, ఫ్లోర్ మ్యాట్‌కీ స్ప్రింగుకీ ఒకే కాగితాల దొంతర వద్దు. ఉన్న టెస్ట్ ట్రాకుల్లో, ల్యాబుల్లో నెలకి కొన్ని రోజులు మాలాంటి చిన్నవాళ్లకి కేటాయించండి, ఫీజు పరీక్ష లెక్కన తీసుకోండి. ఊరికే ఇవ్వమని అడగట్లేదు. పాసైన పార్టుకి చెరిగిపోని నంబరు ఇవ్వండి, ఏడాదికోసారి చెప్పకుండా మా గోడౌన్‌కి వచ్చి ఏదో ఒక డబ్బా మీరే ఎంచుకుని తీసుకెళ్లి మళ్లీ పరీక్షించండి, ఎందుకంటే మొదటి నమూనా బంగారంలా చేసి తర్వాత నాసిరకం అమ్మే ఘనులు మా వాళ్లలోనూ ఉన్నారు. ఫైబర్ కుక్కిన సైలెన్సర్‌ని కొత్తదిగా కొలవకండి, ముందు బాగా వాడనిచ్చి తర్వాత కొలవండి. కొత్తలో బుద్ధిగా ఉంటుంది, ఫైబర్ కాలిపోయాకే అసలు గొంతు బయటపడుతుంది. పొగలోని విషాన్ని తగ్గించే కెటలిటిక్ కన్వర్టర్‌ని పీకేసే పైపులకి మాత్రం ఏ దారీ ఇవ్వకండి, వాటిని అమ్మేవాడి మీద ఎంత కఠినంగా ఉన్నా నాకు అభ్యంతరం లేదు. ఈసీయూ రీమ్యాప్, అంటే ఇంజిన్ కంప్యూటర్‌లోని లెక్కలు మార్చడం, కాస్త చిక్కు వ్యవహారం, చేతికి దొరికే పార్టు కాదు కదా, ఒక్క ఫైలు, రాత్రికి రాత్రి మారిపోతుంది. దాన్ని ఇప్పుడే ఇందులో కలిపితే మొత్తం ఆగిపోతుంది, విడిగా చూడండి.

మీ శాఖలో ఎవరికైనా ఇష్టముంటే మా లాగ్ ఫైళ్లు, విరిగిన స్ప్రింగు ముక్క, మూడు సార్లు తిప్పిన డైనో కాగితాలు, ఫెయిలైన వాటితో సహా, తీసుకుని వస్తాను. మీరే ఒక సెట్టు స్ప్రింగులు ఎంచుకుని పరీక్షకి పంపండి. పాసైతే సంతోషం. ఫెయిలైతే ఎందుకు ఫెయిలైందో రాసి, సంతకం పెట్టి ఇవ్వండి. ఆ కాగితం కూడా ఇప్పటిదాకా మాకు ఎవరూ ఇవ్వలేదు.

ఇట్లు,
చిన్న కార్ల పార్టులు చేసుకునే ఒకడు